సంఘ వెబ్‌సైటును తక్కువ శ్రమతో తాజాగా ఉంచుకోవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంఘానికి వెబ్‌సైటు ఉన్నా దాన్ని ఎప్పటికప్పుడు సవరించే తీరిక ఎవరికీ లేదన్న ఫిర్యాదు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించింది. వాటిలో కొన్నింటిని కుదించి, జవాబులతో సహా ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్, అంటే ఒక అయ్యగారి పరిధిలోని సంఘం. మా యౌవనస్థుల్లో ఒకరు ఉచితంగా వెబ్‌సైటు తయారు చేసిపెట్టి, తర్వాత ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ భారం నా మీద పడింది. ప్రతి శనివారం బులెటిన్ పీడీఎఫ్ ఎక్కించాలి, ఫొటోలు పెట్టాలి, కూడికల తేదీలు మార్చాలి. మే నెలలో వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) జరుగుతుంటే మొదటి పేజీలో ఇంకా మంచు కురుస్తూ క్రిస్మస్ శుభాకాంక్షలు కనిపిస్తున్నాయని కమిటీ సమావేశంలో మాట పడవలసి వచ్చింది. బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నేను వారానికి గంటకు మించి దీనికి కేటాయించలేను. మార్గం చెప్పగలరు. (పాస్టరేట్ కార్యదర్శి)

జవాబు: గంట కూడా అక్కరలేదు, పదిహేను నిమిషాల్లో తేలిపోయే పనిగా దీన్ని మలచుకోవచ్చు. అయితే ముందుగా ఈ వెబ్‌సైటు ఎవరి కోసం అన్న ప్రశ్నకు కమిటీలో ఒక నిర్ణయానికి రండి. మీ సంఘ సభ్యులకు బుధవారం ప్రార్థన ఎవరి ఇంట్లో జరుగుతుందో, స్త్రీల మైత్రి కూడిక ఎన్ని గంటలకో వాట్సాప్ గ్రూపులోనూ, ఆదివారం ప్రకటనల్లోనూ తెలిసిపోతుంది. వారెవరూ అందుకోసం వెబ్‌సైటు తెరవరు. దాన్ని తెరిచేది కొత్తగా ఊరికి బదిలీ అయి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, పెళ్లికి వస్తున్న దూరపు బంధువు, పండుగకు హైదరాబాదు నుంచి వచ్చి డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవాలనుకునే కుమారుడు, బాప్తిస్మానికి గానీ వివాహానికి గానీ ఎవరిని కలవాలో తెలియని దంపతులు. వీరికి కావలసినవి ఆరాధన వేళలు, ఏ భాషలో జరుగుతుందన్న సంగతి, దారి, ఫోన్ నంబరు. ఈ నాలుగూ తప్పుల్లేకుండా ఉంటే వెబ్‌సైటు తన పని చేస్తున్నట్టే. వీరికి అక్కరకు రాకుండా వారం వారం మారుతూ మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నవన్నీ నిర్మొహమాటంగా తీసివేయవచ్చు.

తర్వాత, మిగిలిన సమాచారాన్ని ఏది ఎంత కాలానికి పాతబడుతుందన్న లెక్కన విడదీయండి. సంఘ చరిత్ర, విశ్వాస ప్రమాణం, వివాహానికి కావలసిన పత్రాల వివరాలు ఏళ్ల తరబడి మారవు, కానీ రాసే తీరులోనే వాటికి వయసు అంటగడుతుంటాము. మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని రాస్తే ఆ వాక్యాన్ని మళ్లీ ఎవరూ తాకనవసరం లేదు. "త్వరలో నూరేళ్లు పూర్తి చేసుకోబోతున్న మందిరం" అని రాసి ఉంటే అది 2024 దాటగానే తప్పయిపోయి ఉండేది. అందువల్ల "ఈ ఏడాది", "రాబోయే", "గత నెల", "మన కొత్త అయ్యగారు" వంటి మాటలను వెతికి తీసివేసి, వాటి స్థానంలో తేదీనీ సంవత్సరాన్నీ రాయండి. అలాగే ప్రెస్బిటరు గారికి, అంటే సంఘ అయ్యగారికి, బదిలీ అవుతుంది, కమిటీ కాలపరిమితి ముగుస్తుంది, కార్యదర్శులు మారతారు. వారి సొంత నంబర్లు పది పేజీల్లో చెల్లాచెదురుగా ఉంటే ప్రతిసారీ పదిచోట్ల దిద్దాలి. సంఘ కార్యాలయం పేరుతో ఒక సిమ్, ఒక ఈమెయిల్ తీసుకుని అన్నిచోట్లా వాటినే ఇవ్వండి. వ్యక్తుల పేర్లు "సంప్రదించండి" అన్న ఒక్క పేజీలో ఉంటే చాలు.

ఇక నిజంగా మారుతుండే కార్యక్రమాల సంగతి. వీటిని పేజీలో చేత్తో రాయడం మానుకుని గూగుల్ క్యాలెండర్‌లో పెట్టండి. సంఘం ఈమెయిల్‌తో ఒక క్యాలెండర్ తెరిచి, దాన్ని అందరికీ కనిపించేలా చేసి, అది ఇచ్చే పొందుపరిచే (ఎంబెడ్) కోడ్‌ను మీ వెబ్‌సైటులోని కార్యక్రమాల పేజీలో ఒకసారి అతికిస్తే, ఆ తర్వాత ఫోనులో క్యాలెండర్ దిద్దినప్పుడల్లా వెబ్‌సైటు కూడా దానితో పాటే మారుతుంది. ఉదాహరణకు మొదటి ఆదివారం సంస్కారపు ఆరాధన (ప్రభు రాత్రి భోజనం) ఉందనుకోండి. "ప్రతి నెలా మొదటి ఆదివారం" అన్న పునరావృతాన్ని ఒక్కసారి ఎంచుకుంటే అది ఏళ్ల తరబడి తనంతట తానే వస్తుంది. వారం వారం జరిగే ఆదివారం ఆరాధనలనూ ఇలాగే పెట్టుకోవచ్చు. ఐదవ ఆదివారం వచ్చిన నెలలో ఆ రోజు జరగవలసిన రెండు ఆరాధనలనూ కలిపి జరుపుకుంటే, ఆ ఒక్క రోజు మీద నొక్కి "ఈ కార్యక్రమం మాత్రమే" అని ఎంచుకుని వేళ మార్చాలి. మిగిలిన ఆదివారాలు చెక్కు చెదరవు. క్యాలెండర్‌ను జాబితాగా చూపేలా అమర్చుకుంటే గడిచిపోయినవి వాటంతట అవే తప్పుకొని రాబోయేవే కనిపిస్తాయి కాబట్టి, పాత క్రిస్మస్ మే నెల దాకా వేలాడే అవకాశమే ఉండదు. ఒక జాగ్రత్త: అయ్యగారి గృహ సందర్శనలు, ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వెళ్లే వేళలు ఇదే క్యాలెండర్‌లో నమోదు చేయకండి. వాటికి వేరొక క్యాలెండర్ ఉండాలి, లేకపోతే ఎవరి ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో లోకమంతటికీ తెలుస్తుంది.

పండుగల తేదీలను ఏడాదికి ఒక్కసారి, నవంబరులో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలయ్యేలోపు, డయాసిస్ (బిషప్ పరిధిలోని సంఘాల మండలం) ఆల్మనాక్‌ను, అంటే పండుగల తేదీల పుస్తకాన్ని, ముందు పెట్టుకుని ఒకే విడతలో నమోదు చేయండి. క్రిస్మస్ కదలదు గానీ ఈస్టరు కదులుతుంది: 2026లో ఏప్రిల్ 5న వచ్చే ఈస్టరు 2027లో మార్చి 28న వస్తుంది, దానితో పాటు భస్మ బుధవారం ఫిబ్రవరి 10కి, మట్టల ఆదివారం మార్చి 21కి, శుభ శుక్రవారం మార్చి 26కి జరుగుతాయి. పోయిన ఏడాది పేజీలో సంవత్సరం అంకె మాత్రమే మార్చి వదిలేసే అలవాటు ఉన్నచోట తప్పు జరిగేది ఇక్కడే. క్రిస్మస్ ఆరాధనలకు, శ్రమల కాలపు కూడికలకు ఒక్కో శాశ్వత పేజీ ఉంచి, దాని చిరునామాలో సంవత్సరం లేకుండా చూసుకోండి. ఏటా అదే పేజీలో వేళలు మార్చితే గూగుల్‌లో వెతికేవారు పాత పేజీకి వెళ్లి మోసపోరు. మొదటి పేజీలో వాలే మంచునూ, మెరిసే నక్షత్రాలనూ పూర్తిగా తీసేయమని నా సలహా. గోదావరి జిల్లాలో అది డిసెంబరులోనూ పొసగదు.

బులెటిన్ సంగతికి వస్తే, వెబ్‌సైటులో దాన్ని ఎవరు చదువుతున్నారో ముందు విచారించండి. ఎవరూ లేరంటే మానేయండి. వృద్ధులైన సభ్యుల పిల్లలు దూరం నుంచి చదువుతున్నారంటే, గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫైలు ఉంచి దాని లింకును వెబ్‌సైటులో ఒకసారి ఇవ్వండి. ప్రతి వారం కొత్త ఫైలు ఎక్కించే బదులు అదే ఫైలుకు "కొత్త వెర్షన్" జోడించే సదుపాయం అందులో ఉంది. లింకు మారదు, వెబ్‌సైటును తెరవనవసరమే ఉండదు. ప్రసంగాలు యూట్యూబ్‌లో పెడుతుంటే ఒక ప్లేలిస్టును పేజీలో పొందుపరచండి, కొత్త ప్రసంగం చేరినప్పుడల్లా పేజీలోనూ కనిపిస్తుంది.

చివరగా, మీ వెబ్‌సైటు కంటే ముందు చాలామంది కంటపడేది గూగుల్ మ్యాప్స్‌లోని మీ మందిరం వివరం. అక్కడ పాత వేళలు, మానేసిన నంబరు ఉంటే ఇంత శ్రమా వృథాయే. దాన్ని సంఘం ఈమెయిల్‌తో మీ ఆధీనంలోకి తెచ్చుకోండి.

ప్రశ్న: మా బులెటిన్‌ను డీటీపీ చేసే ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేస్తారు. దాన్ని కాపీ చేసి వెబ్‌సైటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి వస్తున్నాయి. చేసేది లేక ముద్రించిన కాగితాన్ని ఫొటో తీసి పెడుతున్నాము. ఇది సరైన పద్ధతేనా? (గుంటూరు)

జవాబు: ఫొటో పద్ధతి చూడడానికి సులువే గానీ, అందులోని అక్షరాలను వెతకడానికి వీలుండదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో ఏమీ దొరకదు, చిన్న ఫోనులో అటూ ఇటూ జరుపుతూ చదవాలి, ఒక్క తప్పు దొర్లినా మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షర రూపాలను కూర్చి పెడతాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో లోపలి ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లలో వేర్వేరు స్థానాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే సొంత స్థానాలున్నాయి, నేటి ఫోన్లన్నీ దాన్ని చూపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

మార్చవలసింది పని జరిగే వరుసను. ఇప్పుడు ముద్రణ కోసం టైపు చేసి, ఆ తర్వాత వెబ్ కోసం తిప్పలు పడుతున్నారు. ఇకపై ప్రకటనలను ముందుగా ఫోనులోనే యూనికోడ్‌లో రాయండి. కావాలంటే నోటితో చెప్పి రాయించుకోవచ్చు. అదే పాఠాన్ని వాట్సాప్‌లోనూ వెబ్‌సైటులోనూ పెట్టి, మూడవ మెట్టుగా డీటీపీ ఆయనకు పంపండి. యూనికోడ్ నుంచి అనులోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, డీటీపీ చేసేవారిలో చాలామందికి అవి తెలిసినవే. మార్చిన తర్వాత ముఖ్యంగా వత్తులను, క్రారవడిని, ఏత్వ ఓత్వాల దీర్ఘాలను, బైబిలు రిఫరెన్సుల్లోని అంకెలను సరిచూడాలి. "యోహాను 3:16" అన్నచోట మధ్య గుర్తు పోతే ఏది అధ్యాయమో ఏది వచనమో తెలియకుండా పోతుంది. ఆయన ఇన్‌డిజైన్‌కు మారడానికి ఇష్టపడితే మార్పిడి బెడదే ఉండదు, ఎందుకంటే దాని కొత్త వెర్షన్లలో యూనికోడ్ తెలుగును నేరుగా వాడుకోవచ్చు. శీర్షికలకు అందమైన అక్షరాలు కావాలంటే రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి.

ప్రశ్న: మా సంఘం వెబ్‌సైటు గత వారం నుంచి తెరుచుకోవడం లేదు. తయారు చేసిన వ్యక్తి ఫోన్ ఎత్తడం లేదు. పాస్‌వర్డ్‌లు మా దగ్గర లేవు. ఏం చేయవచ్చు? (వరంగల్)

జవాబు: తొందరపడి కొత్త పేరు కొనకండి. చాలావరకు ఇది డొమైన్ (వెబ్‌సైటు పేరు) రెన్యువల్ గడువు దాటిపోవడం వల్ల వచ్చే తంటా. వెబ్‌సైటు పేరు, అది నిలిచి ఉండే హోస్టింగ్, లోపలికి వెళ్లి దిద్దే అడ్మిన్ ఖాతా అనే మూడూ వేర్వేరు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే హూఈజ్ (WHOIS) వెతుకులాటలో మీ వెబ్‌సైటు పేరు కొడితే, దాన్ని ఏ రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర నమోదు చేశారో, గడువు ఎప్పుడు ముగిసిందో తెలుస్తుంది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లకు గడువు తర్వాత రిజిస్ట్రార్‌ను బట్టి కొన్నాళ్లు, గరిష్ఠంగా 45 రోజుల వరకు, మామూలు రుసుముతో పునరుద్ధరించుకునే వీలుంటుంది. అది దాటితే 30 రోజుల పాటు అధిక రుసుముతో తిరిగి పొందవచ్చు, ఆ తర్వాత 5 రోజులకు పేరు బజారున పడి ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా కొన్నవారు సంఘం పేరు మీద జూదపు ప్రకటనలు పెట్టిన సందర్భాలు లేకపోలేదు. కనుక రిజిస్ట్రార్ సహాయ కేంద్రానికి ఈరోజే రాయండి. ఖాతా వెబ్‌సైటు తయారు చేసిన వ్యక్తి పేరు మీదే ఉంటే ఆయన అంగీకారం లేకుండా వారు మార్చలేరు; సంఘ పెద్దల ద్వారా మంచి మాటతో కబురు పంపించడం ఉత్తమం. పాపం, ఆయన కూడా ఇన్నాళ్లూ సొంత డబ్బే కట్టి ఉండవచ్చు.

పేరు దక్కాక దాన్ని సంఘం ఈమెయిల్ మీదికి, కార్యాలయ సిమ్ మీదికి మార్చండి. ఓటీపీ ఒక యువకుడి ఫోనుకు పోతున్నంత కాలం పాస్‌వర్డ్ మీ చేతిలో ఉన్నా ఫలితం లేదు. రుసుమును ట్రెజరర్ సంఘం లెక్కల నుంచి కట్టాలి. ఒకేసారి 10 సంవత్సరాల వరకు నమోదు చేసుకునే సౌకర్యం ఉంది. ఐదేళ్లకైనా కట్టేస్తే ఏటా గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. లాగిన్ వివరాలు ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరెవరన్నది కమిటీ మినిట్సులో నమోదు కావాలి.

ప్రశ్న: మాది వర్డ్‌ప్రెస్ వెబ్‌సైటు. తెరిచినప్పుడల్లా "అప్‌డేట్లు ఉన్నాయి" అని ఎర్ర గుర్తు చూపిస్తుంది. నొక్కితే వెబ్‌సైటు పాడవుతుందని భయం. (తిరుపతి)

జవాబు: నొక్కకపోతేనే ప్రమాదం ఎక్కువ, హ్యాకర్లు లోపలికి దూరేది చాలావరకు పాత ప్లగిన్ల (వెబ్‌సైటుకు అదనపు సదుపాయాల కోసం తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్ల) గుండానే. ముందుగా బ్యాకప్ తీసుకుని, నెలకు ఒక రోజు పెట్టుకుని నొక్కండి. వాడని ప్లగిన్లను నిలిపివేయడంతో సరిపెట్టకుండా పూర్తిగా తొలగించండి. నమ్మకమైన ప్లగిన్లకు ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకునే వీలు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది.

ప్రశ్న: నేను సండే స్కూల్ సూపరింటెండెంట్‌ను. వి.బి.ఎస్. ముగింపు కార్యక్రమంలో బహుమతులందుకున్న పిల్లల ఫొటోలను పేర్లతో సహా వెబ్‌సైటులో పెట్టాము. ఒక తల్లి అభ్యంతరం చెప్పారు. ఆమెది అతి జాగ్రత్త అని కొందరు పెద్దలు అంటున్నారు. మీరేమంటారు? (విశాఖపట్నం)

జవాబు: ఆ తల్లి మాటే సరైనది. పిల్లవాడి ముఖం, పేరు, ప్రతి ఆదివారం ఏ గంటకు ఎక్కడ ఉంటాడన్న సంగతి ఒకే పేజీలో అపరిచితులకు అందించడం సంఘం చేయదగిన పని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతికి పెద్ద పీట వేసింది. ఈ సంవత్సరం నుంచి వి.బి.ఎస్. ప్రవేశ పత్రంలోనే "మా బిడ్డ ఫొటోను వెబ్‌సైటులో ఉంచడానికి అంగీకరిస్తున్నాము / అంగీకరించము" అన్న ఒక వరుసను చేర్చి సంతకం తీసుకోండి. అంగీకరించినవారి ఫొటోలకు కూడా పేర్లు, చదివే బడి జోడించవద్దు. యాక్షన్ సాంగ్ చేస్తున్న గుంపును వెనుక వరుస నుంచి తీసిన చిత్రం, పిల్లలు చేసిన రంగు కాగితాల బొమ్మల చిత్రం ఆ వారం సందడిని చక్కగానే చెబుతాయి.

ఇందులో మీకు పని తగ్గే సౌలభ్యం కూడా ఉంది. ఒక కార్యక్రమానికి డెబ్భై ఎనభై ఫొటోలు గుమ్మరించే బదులు ఐదింటిని ఎంచుకోండి. ఫోను తీసే చిత్రం ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. వెడల్పును 1600 పిక్సెళ్లకు కుదిస్తే కొన్ని వందల కేబీల్లోనే ఇమిడిపోతుంది, పల్లెలో బలహీనమైన సిగ్నల్ ఉన్నవారికీ పేజీ తెరుచుకుంటుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంటే తీసిన చోటు వివరం ఫొటో ఫైలులోనే దాగి ఉంటుంది కాబట్టి, ఎక్కించే ముందు దాన్ని తొలగించండి. ప్రార్థన విన్నపాలకూ ఇదే వర్తిస్తుంది. ఫలానా సహోదరికి ఫలానా శస్త్రచికిత్స అన్న ప్రకటన సంఘం నడుమ ప్రేమగా వినిపిస్తుంది గానీ, ఇంటర్నెట్‌లో అది ఆమె అనుమతి లేని వైద్య నివేదిక అవుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలోని డల్లాస్‌లో ఉంటున్నాము. కృష్ణా జిల్లాలోని మా సొంత సంఘం ఆరాధనను లైవ్‌లో చూస్తాము. వెబ్‌సైటులో "రాత్రి 11 గంటలకు అమెరికా సమయం" అని ఉంది, శీతకాలంలో తెరిస్తే గంట క్రితమే మొదలైపోయి ఉంటుంది. అలాగే అక్కడ ఇచ్చిన ఖాతాకు కానుకలు పంపవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: మొదటిది సంఘం వారు దిద్దుకోవలసిన పొరపాటు. ఆదివారం ఉదయం 9.30కి మొదలయ్యే ఆరాధన మీకు వేసవి గడియారంలో శనివారం రాత్రి 11 గంటలకూ, శీతకాలపు గడియారంలో 10 గంటలకూ వస్తుంది. మీ దేశంలో మార్చి రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుతుంది, భారతదేశంలో మారదు. పైగా అమెరికా అంతటికీ ఒకే సమయం లేదు. కాబట్టి వెబ్‌సైటులో "భారత కాలమానం ప్రకారం" అని ఒక్క వేళ మాత్రమే రాసి, క్యాలెండర్‌ను భారత సమయానికి అమర్చితే చాలు. దాన్ని మీ ఫోనులోని క్యాలెండర్‌కు చేర్చుకుంటే మీ ఊరి వేళకు తానే మార్చి చూపుతుంది.

రెండవది మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. మీరు భారత పౌరసత్వంతోనే ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా పరిగణించరు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నప్పటికీ, అది విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థలే అటువంటి సొమ్మును స్వీకరించాలి, అదీ 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. స్థానిక పాస్టరేట్లు చాలావాటికి సొంత నమోదు ఉండదు. కాబట్టి డబ్బు పంపే ముందు ట్రెజరర్‌ను, అవసరమైతే డయాసిస్ కార్యాలయాన్ని అడగండి. వెబ్‌సైటు చూసుకునే వారు కూడా క్యూఆర్ కోడ్ కింద "ఈ ఖాతా భారత పౌరుల కానుకలకు మాత్రమే" అన్న వాక్యాన్ని చేర్చాలి, క్యూఆర్ కోడ్‌ను ట్రెజరర్ సొంత ఖాతాకు కాక సంఘం ఖాతాకే అనుసంధానించాలి, ట్రెజరర్ మారిన ప్రతిసారీ ఒక రూపాయి పంపి అది ఎవరి పేరు చూపుతోందో పరీక్షించాలి.